సముద్రాన్ని చేరని ఏరు: ఓకవాంగో నదిపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ఒక పాఠకునికి జవాబిస్తూ, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని ఓకవాంగో నది సముద్రం ముఖమే చూడదనీ, దానికి ఎండాకాలంలో వరద వస్తుందనీ రెండే వాక్యాలు రాసి ఊరుకున్నాను. ఆ రెండు వాక్యాలు చాలవంటూ భీమిలి నుంచి గాజువాక దాకా ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ నదికే కేటాయిస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఉత్తరాలను కలిపి ఒకటిగా చేశాను.

ప్రశ్న: "నదీనాం సాగరో గతిః" అని నలభై ఏళ్లు పిల్లలకు చెప్పాను. మా ఊళ్లో గోస్తనీ సముద్రంలో కలవడాన్ని రోజూ చూస్తూనే ఉంటాను. మరి ఈ ఓకవాంగో ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుంది? సముద్రమే చేరనిదానికి డెల్టా ఎలా ఏర్పడింది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమునిపట్నం

మీరు పిల్లలకు చెప్పినదానిలో తప్పేమీ లేదు మాస్టారూ. మినహాయింపులు మన దేశంలోనూ ఉన్నాయి; రాజస్థాన్‌లోని లూనీ నది కచ్ రణ్‌లోని ఉప్పునేలలో ఇంకిపోతుంది. అలాంటి నదుల్లో ఓకవాంగో చాలా పెద్దది.

అంగోలా మధ్యభాగంలోని బియే పీఠభూమి మీద ఈ నది పుడుతుంది. అక్కడ దాని పేరు కుబాంగో. అట్లాంటిక్ తీరం అక్కడికి పడమరగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, నేల వాలు తూర్పు దక్షిణాలకు ఉండడం వల్ల నది ఆ సముద్రానికి వీపు తిప్పి ఖండం లోపలికి నడుస్తుంది. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి కూడా ఇలాగే తూర్పుదారి పట్టింది కదా. కాకపోతే గోదావరికి చివరన బంగాళాఖాతం దొరికింది, కుబాంగోకు కలహారి ఇసుక దొరికింది.

నది కొంతదూరం అంగోలా, నమీబియాల మధ్య సరిహద్దుగా ప్రవహిస్తుంది; నమీబియావారు దానిని కవాంగో అంటారు, ఒడ్డున రుండు అనే పట్టణం ఉంది. దిరికో దగ్గర అంగోలా నుంచే వచ్చే కుయితో నది ఇందులో కలుస్తుంది. ఈ రెండింటి స్వభావాలూ వేరు. కుబాంగో పైభాగంలో రాతినేలల మీద వాలుగా పారుతుంది కనుక వాన పడగానే మన గెడ్డల్లాగా పొంగుతుంది. కుయితో మాత్రం లోతైన ఇసుకలోంచి, నాచూ గడ్డీ కుళ్లి పేరుకున్న చిత్తడి నేలల్లోంచి ఊరుతూ వస్తుంది కనుక, వానలు వెనుకబట్టాక కూడా నెలల తరబడి నీళ్లిస్తుంది. వానలు లేని నెలల్లో నది ఎండిపోకుండా కాపాడేది ఈ రెండోదే. ఆ తరువాత నమీబియాలో గానీ బోట్స్వానాలో గానీ చెప్పుకోదగ్గ ఉపనది ఒక్కటీ కలవదు. అంటే బోట్స్వానాలో మనకు కనిపించే వరద దాదాపు అంతా అంగోలాలో పడిన వానే.

దక్షిణానికి తిరిగిన నది పోపా అనేచోట రాళ్ల మీదుగా దిగుతుంది. దానిని జలపాతం అని పిలుస్తారు గానీ మన కటికి జలపాతాన్ని మనసులో పెట్టుకొని చూసేవారికి నిరాశ తప్పదు, అది రాళ్ల మధ్య నీటి ఉరుకు మాత్రమే. అక్కడికి కొద్ది దూరంలో మోహెంబో వద్ద నది బోట్స్వానాలో ప్రవేశిస్తుంది.

ఇక డెల్టా సంగతి. ఒక తాటాకు విసనకర్రను కాడ వాయవ్యానికి ఉండేలా బల్లమీద పెట్టి చూడండి, ఓకవాంగో పటం అచ్చంగా అదే. కాడ ఉన్నచోట, సుమారు 100 కిలోమీటర్ల పొడవున, నేలలోని రెండు సమాంతర పగుళ్ల మధ్య నది ఒదిగి వంకరలు తిరుగుతూ పోతుంది. కాడ ముగిసేచోట గుమారే అనే మరో భూపగులు అడ్డంగా ఉంది. దానికి అవతల నేల కుంగి ఉండడంతో నదికి ఒడ్లు లేకుండా పోయి, నీరు పాయలు పాయలుగా విప్పుకుంటుంది. విసనకర్ర అంచు దగ్గర థమలకానే అనే పగులు ఎవరో కట్టిన ఆనకట్టలాగా నీటిని అడ్డుకుంటుంది. తూర్పు ఆఫ్రికాను చీలుస్తున్న మహాపగులుకు ఇవన్నీ నైరుతి కొస అని భూగర్భ శాస్త్రజ్ఞుల భావన. కుంగిన ఆ పల్లంలో యుగాలుగా ఇసుక మేటవేసి వందల మీటర్ల మందాన పేరుకుంది. కచ్చితంగా మాట్లాడాలంటే దీనిని డెల్టా అనకూడదు, ఒండ్రు విసనకర్ర అనాలి. అయినా లోకమంతా డెల్టా అనే అంటోంది కనుక నేనూ అదే మాట వాడుతున్నాను.

ఎంత పెద్దది అని మరొకరు అడిగారు. నీరు తగ్గినప్పుడు సుమారు 6,000 చదరపు కిలోమీటర్లు, వరద బాగా వచ్చిన ఏడాది 12,000 దాటి 15,000 దాకా. మన ఉమ్మడి విశాఖ జిల్లా వైశాల్యం 11,161 చదరపు కిలోమీటర్లని గుర్తు చేసుకుంటే అందాజు తెలుస్తుంది.

ప్రశ్న: "ఎండాకాలంలో వరద" అన్నది ముద్రారాక్షసం కాదు కదా?
— డిగ్రీ విద్యార్థిని, సీతమ్మధార

ముద్రారాక్షసం కాదు, నా తొందరపాటు. "వానలు లేని కాలంలో వరద" అని రాయవలసింది. మన విశాఖ భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీలు దాటి ఉంటే, డెల్టా అంచున ఉన్న మౌన్ పట్టణం దక్షిణాన దాదాపు 20 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల మనకు ఎండలు మండే నెలల్లో వారికి చలి మొదలవుతుంది. మనకు సంక్రాంతి వచ్చే వేళకు వారికి వానలు ముమ్మరంగా ఉంటాయి.

అంగోలా ఎగువ ప్రాంతంలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో పడిన భారీ వానల నీరు మోహెంబో దగ్గరికి చేరి గరిష్ఠ స్థాయిని అందుకునేసరికి సాధారణంగా ఏప్రిల్ వస్తుంది. అక్కడి నుంచి మౌన్ సుమారు 250 కిలోమీటర్లు. విశాఖ నుంచి తాడేపల్లిగూడెం ఎంత దూరమో ఇంచుమించు అంత. రైలు నాలుగు గంటల్లో దాటే ఆ దూరాన్ని ఈ వరద నాలుగు నెలలు నడుస్తుంది! రోజుకు రెండు కిలోమీటర్ల లెక్క. కారణం చాలా సాదా. ఆ 250 కిలోమీటర్లలో నేల దిగేది 60 మీటర్ల చిల్లర మాత్రమే. ఆ కాస్త వాలును కూడా తుంగ, రెల్లు, జమ్ము అడుగడుగునా అడ్డుకుంటాయి. వాగులో వరద అంటే గట్లు కోసుకుంటూ వచ్చే ఎర్రనీరే మన కళ్లకు కడుతుంది. అక్కడ ఎండిన పాయలోకి వచ్చే నీటి అంచు వేళ్ల మందాన ఉంటుంది. ఎండుగడ్డి దుబ్బుల చుట్టూ తడుముకుంటూ, ఎండుటాకులనూ నురగనూ ముందుకు నెట్టుకుంటూ, ఒక పల్లం నిండేదాకా ఆగి, నిండాక మళ్లీ కదులుతుంది. ఇసుకలోని బొరియల్లోంచి పురుగులు బయటపడి పారిపోతుంటే కొంగలు ఆ అంచు వెంటే నడుస్తూ ఏరుకు తింటాయి.

అది మౌన్ చేరే జూన్, జులై, ఆగస్టు నెలల నాటికి అక్కడి వానలు ఆగి నెలలు గడిచి ఉంటాయి, చుట్టుపక్కల కలహారిలో గుంటలన్నీ ఎండిపోయి ఉంటాయి. సరిగ్గా అప్పుడే డెల్టా తన పెద్ద రూపంలో ఉంటుంది. ఏనుగులూ అడవిదున్నలూ జీబ్రాలూ మందలుగా అక్కడికి చేరడానికి ఇదే కారణం. స్థానికంగా పడే వాన ఒక కాలంలో, దూరం నుంచి వచ్చే వరద మరో కాలంలో కావడంతో ఆ నేలకు ఏడాదికి రెండు పంటల నీరు దొరికినట్లయింది. అక్కడి జీవసమృద్ధికి ఈ ఆలస్యమే మొదటి కారణమని నేననుకుంటాను.

ప్రశ్న: మా పుట్టింటివారికి నౌపడ వైపు ఉప్పుమడులు ఉండేవి. నీటిని పారించి, ఎండకు వదిలేస్తే మిగిలేది ఉప్పే. మీ నదిలో నీరంతా ఎండకే పోతుందంటున్నారు కదా, మరి ఆ డెల్టా ఈపాటికి ఉప్పుమడి కాకుండా ఎలా ఉంది?
— గృహిణి, మధురవాడ

అమ్మా, ఈ నదిని గురించి వచ్చిన ఉత్తరాలన్నింటిలో ఇంత సూటి ప్రశ్న మరొకటి లేదు. శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

మీ అనుమానం సహేతుకమే. డెల్టాలోకి వచ్చే నీటిలో 95 శాతానికి పైగా ఆవిరిగా పోతుంది, బయటికి పారేది రెండు శాతం లోపు. నది నీటిలో కరిగి ఉన్న లవణాలు చాలా స్వల్పమే అయినా, నీటి మొత్తం పెద్దది కనుక ఏటా లక్షల టన్నుల్లో లవణాలు వచ్చి చేరతాయి. లెక్కప్రకారం ఎన్నడో తెల్లగా ఉప్పు తేలిపోవలసింది. కానీ పాయల్లో నీరు దోసిట పట్టి తాగేంత తియ్యగా, అడుగున ఇసుకరేణువులు కనిపించేంత తేటగా ఉంటుంది.

రహస్యం అక్కడి లంకల్లో ఉంది. డెల్టాలో చిన్నాపెద్దా కలిపి లక్షకు పైగా లంకలు ఉన్నాయని అంచనా. వాటిలో చాలావాటికి పునాది వేసింది చెదపురుగులు. పుట్ట అంటే మనకు నాగులచవితి పాలు గుర్తొస్తాయి. అక్కడ పుట్ట అంటే వరద మట్టానికి జానెడో బెత్తెడో పైకి లేచిన పొడినేల. నీరు తగ్గిన ఏళ్లలో చెదలు బంకమట్టిని నోటితో మోసుకొచ్చి పుట్ట కడతాయి. మళ్లీ వరద వచ్చినప్పుడు చుట్టూ నీరు, నడుమ పుట్ట. దానిమీద పక్షి వాలుతుంది, రెట్టలో గింజ పడుతుంది, చెట్టు మొలుస్తుంది.

ఆ చెట్టుతోనే అసలు కథ మొదలవుతుంది. లంక అంచుల్లో పెరిగిన పెద్ద చెట్లు చుట్టూ ఉన్న పాయల నుంచి నేల అడుగున నీటిని రాత్రింబవళ్లు తమవైపు లాక్కుంటాయి. వేరు నీటిని తీసుకుంటుంది గాని లవణాన్ని బయటే వదిలేస్తుంది. అలా మిగిలినవాటిలో సున్నపు పదార్థమూ సిలికా ముందుగా లంక అంచు నేలలో గట్టిపడతాయి. వాటి వల్ల నేల ఉబ్బి, లంక ఇంచి ఇంచిగా పైకి, పక్కకి పెరుగుతుంది. సోడియం లవణాలు అంత తొందరగా గట్టిపడవు కనుక, నీటితోపాటు లంక నడిబొడ్డు కిందికి జరిగి అక్కడ చిక్కబడతాయి. అందుకే లంక అంచున నీడనిచ్చే పచ్చని చెట్ల వలయం, దాని లోపల ఉప్పును కాస్త ఓర్చుకోగల తాటిజాతి చెట్లు, నట్టనడుమ చౌడు తేలిన బోడినేల కనిపిస్తాయి. ఆ చౌడు కింద ఉప్పునీరు బాగా చిక్కబడి బరువెక్కాక, తేలికైన మంచినీటిలో మునిగి, లోతుగా భూగర్భంలోకి దిగిపోతుంది.

మీ ఉప్పుమడికి ఇది సరిగ్గా తలకిందులు. మడిలో నీటిని పైనుంచి ఎండ పీలుస్తుంది, ఉప్పు కంటికి కనిపించేచోట తేలుతుంది. ఇక్కడ నీటిలో పెద్దభాగాన్ని చెట్లూ తుంగా కింది నుంచి పీలుస్తాయి కాబట్టి ఉప్పు నేల అడుగునే చిక్కుకుపోతుంది, పాయలు మంచినీటితో మిగులుతాయి. ఆ చెట్లను నరికితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

దీనికి తోడుగా మరొకటి జరుగుతుంది. నది తెచ్చే మట్టి స్వల్పం, ఇసుకే ఎక్కువ. ఆ ఇసుక పాయ అడుగున మేటవేస్తూ, రెండు ఒడ్లనూ కోటగోడల్లా కట్టేసే పాపిరస్ తుంగ మధ్య పాయను పైకి లేపుతుంది. కొన్ని దశాబ్దాలకు ఆ పాయ చుట్టుపక్కల నేలకన్నా ఎత్తయి, నీరు దానిని విడిచి మరో పల్లం వెతుక్కుంటుంది. చాలాసార్లు ఆ కొత్తదారి నీటిగుర్రాలు రాత్రిపూట మేతకు పోయి వచ్చిన కాలిబాటే. వదిలేసిన చోట తుంగ ఎండి, దాని కింద పేరుకున్న కుళ్లు నిప్పంటుకుని నెలలు, ఏళ్లు రగిలి బూడిదవుతుంది. వానలు ఆ నేలలోని లవణాన్ని కడిగి కిందికి దింపుతాయి. కొన్నేళ్లకు అక్కడ మేతభూమి తయారవుతుంది. ఏ పాయా ఏ లంకా అక్కడ శాశ్వతం కాదు. అందుకే ముప్ఫై ఏళ్ల కిందటి పటం పట్టుకొని ఎవరైనా పడవెక్కితే దారి తప్పుతారు.

ప్రశ్న: ఇరిగేషన్ శాఖలో పనిచేసినవాడిని. ఏటా ఎంత నీరు ఆ ఇసుకలో వృథాగా పోతోంది? ఒక్క ఆనకట్ట కూడా కట్టలేకపోయారా?
— విశ్రాంత ఇంజినీరు, ఎం.వి.పి. కాలనీ

సగటున ఏడాదికి సుమారు 10 ఘన కిలోమీటర్లు. మనకు అలవాటైన కొలతలో చెప్పాలంటే సుమారు 350 టీఎంసీలు. పోలవరం జలాశయం పూర్తి సామర్థ్యం 194 టీఎంసీలే కదా. కాబట్టి మీకు ఆ ఆలోచన రావడం సహజం. మీకే కాదు, అక్కడివారికీ వచ్చింది.

1990 దశకం మొదట్లో బోట్స్వానా ప్రభుత్వం డెల్టా దిగువభాగంలో బోరో అనే పాయను తవ్వి లోతుచేసి, జలాశయాలు కట్టి, మౌన్ పట్టణానికీ సాగుకూ వజ్రాల గనికీ నీరివ్వాలనుకుంది. 1991 జనవరిలో మౌన్‌లో జరిగిన గ్రామసభలో జనం గట్టిగా ఎదురుతిరగడంతో పనులు ఆగాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం సమీక్ష తరువాత 1992లో ఆ పథకాన్నే వదులుకున్నారు. 1990 దశకం నడుమ కరువు వచ్చినప్పుడు నమీబియా రుండు నుంచి సుమారు 250 కిలోమీటర్ల గొట్టపుమార్గం వేసి, రాజధాని వైపు పోయే కాలువకు కలిపి నీరు తీసుకుపోవాలనుకుంది. వానలు పడడంతో ఆ ఊసు వెనుకబడింది. నది పంచుకునే అంగోలా, నమీబియా, బోట్స్వానాలు 1994లో ఒక శాశ్వత జలసంఘాన్ని ఏర్పరచుకొని అప్పటి నుంచి కూర్చొని మాట్లాడుకుంటున్నాయి. నదీజలాల మీద మన రాష్ట్రాల మాటతీరు తెలిసిన మీకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

"వృథా" అనే మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ 350 టీఎంసీల మీదే డెల్టా అంచుల్లో వరద తీసిన తడినేలలో మొక్కజొన్న, జొన్న వేసుకునే రైతులు బతుకుతున్నారు. మన లంకభూముల సేద్యానికి దగ్గరి చుట్టం అది. చేపలు, కప్పుకు రెల్లు, బుట్టలకు తాటాకు కూడా ఆ నీరిచ్చినవే. వజ్రాల తరువాత ఆ దేశానికి పెద్ద ఆదాయం తెచ్చే పర్యాటకం ఈ డెల్టానే నమ్ముకుంది. ఇసుకను ఎగువన ఆనకట్ట ఆపేస్తే పాయలు దారి మార్చుకోవు. పాయలు మారకపోతే పైన చెప్పిన ఉప్పు లెక్క తప్పుతుంది. 2002లో అంతర్యుద్ధం ముగిశాక అంగోలా ఎగువన సాగు, విద్యుత్తు ప్రతిపాదనలు పెరుగుతున్నాయి. యుద్ధంలో నలిగిన దేశానికి అభివృద్ధి వద్దని దిగువవారు అనలేరు, అనకూడదు కూడా. నిజమైన చిక్కుముడి అక్కడుంది.

ప్రశ్న: కొండకర్ల ఆవలో తాటిదోనెలు నడిపిన కుటుంబం మాది. అక్కడి పడవలు ఎలా ఉంటాయి? ఏ చేపలు దొరుకుతాయి?
— అచ్యుతాపురం పాఠకుడు

మీరు రెండు తాటిబొందలను తొలిచి జంటగా కట్టి దోనె చేస్తే, వారు ఒకే మానును తొలిచి సన్నని పడవ చేస్తారు, పేరు మొకోరో. తెడ్డు కాదు, మీలాగే వెనుక నిలబడి గెడ వేసి నడుపుతారు, ఎందుకంటే నీరు చాలాచోట్ల నడుముకు మించదు. దానికి వాడే మానుల్లో ఒకటి మన బీడీ ఆకు తునికికి సోదరజాతి. మరొకటి, పొడుగాటి దోసకాయల్లాంటి కాయలు వేలాడే కిజీలియా. మన పార్కుల్లోనూ నాటారు. పెద్ద మానులు తరిగిపోతున్నందున ఇప్పుడు పర్యాటకులను ఎక్కించే మొకోరోలు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి.

చేపల్లో మీకు తెలిసిన ఒక మొహం ఉంది. మన దగ్గర నిషేధించినా దొంగచాటుగా చెరువుల్లో పెంచి పట్టుబడుతుండే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అక్కడి సొంత చేప. ఇక్కడ అది పరాయిది కనుక దేశవాళీ చేపలను మింగేసే రాక్షసి. అక్కడ మాత్రం నీరు తగ్గే నెలల్లో, సుమారు ఆగస్టు నుంచి నవంబరు దాకా, వందలాదిగా గుంపుకట్టి విసనకర్ర కాడ పొడవునా ఎదురెక్కుతూ, తుంగ మొదళ్లను తోకలతో బాది దాక్కున్న చిన్న చేపలను బయటికి తరిమి తింటుంది. ఆ గుంపు వెనుక పులిచేప, పైన కొంగలు, పక్కన మొసళ్లు పొంచి ఉంటాయి.

ప్రశ్న: అక్కడ ఎన్ని రకాల జంతువులు ఉన్నాయి? సింహాలు ఈదుతాయా?
— ఎనిమిదో తరగతి విద్యార్థి, గాజువాక

ఈదుతాయి బాబూ, ఇష్టంగా కాదు గానీ లంక నుంచి లంకకు వేట వెంట పోవాలంటే తప్పదు. యునెస్కో 2014లో ఈ డెల్టాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో అది సరిగ్గా వెయ్యోది. అప్పటి లెక్క ప్రకారం 130 రకాల క్షీరదాలు, 482 రకాల పక్షులు, 89 రకాల చేపలు, 64 రకాల సరీసృపాలు, 1,061 రకాల మొక్కలు ఉన్నాయి. నువ్వు పటం గీసుకుంటే సితతుంగా అనే జింకజాతి జంతువు కాళ్లు శ్రద్ధగా గీయి: గిట్టలు పొడవుగా, రెండుగా బాగా విచ్చుకొని ఉండడంతో ఊబిలో కూరుకుపోదు. భయపడితే నీటిలో మునిగి ముక్కు మాత్రం పైకి పెట్టి దాక్కుంటుంది.

ప్రశ్న: మిగిలిన ఆ రెండు శాతం నీరు ఎటు పోతుంది?
— పెదవాల్తేరు, ఆరిలోవ పాఠకులు

థమలకానే పగులు వెంట మౌన్ మీదుగా పారి, ఆ పగులుకున్న ఒక సందులోంచి బొటేటి అనే నదిగా తూర్పుకు తప్పించుకుంటుంది. మరికొంత నైరుతిన న్గామీ సరస్సుకు చేరుతుంది. 1849లో స్కాట్లాండ్ యాత్రికుడు లివింగ్‌స్టన్ చూసినప్పుడు నిండుగా ఉన్న ఆ సరస్సు తరువాత చాలాసార్లు పశువులు మేసే మైదానంగా మారి, మళ్లీ నిండింది. బొటేటి కూడా అంతే. 1990 దశకం మొదట్లో ఎండిపోయి, ఇసుకబాటగా పడి ఉండి, 2009 ప్రాంతంలో మళ్లీ పారింది. ఆ మధ్యకాలంలో పుట్టి పెరిగిన పిల్లలకు నది అంటే పెద్దలు చెప్పిన మాట మాత్రమే.

బొటేటి చివరికి చేరేది మక్గడిక్గాడి. ఒకప్పుడు ఆఫ్రికాలోని పెద్ద సరస్సుల్లో ఒకటిగా ఉండి, ఎండి, ఇప్పుడు కనుచూపు మేర తెల్లని ఉప్పుపర్రగా మిగిలిన నేల అది. వానలు పడినప్పుడు జీబ్రాలు డెల్టా నుంచి అక్కడి కొత్తగడ్డి కోసం నడుస్తాయి. రానుపోను 500 కిలోమీటర్లకు పైగా. పశువుల రోగాలు అడవి జంతువుల నుంచి అంటకుండా 1968లో వేసిన ఒక కంచె ఆ దారిని మూసేసింది. 2004లో కంచె తీసేశారు. దారి తెలిసిన జీబ్రా ఒక్కటైనా అన్నేళ్లు బతికి ఉండే అవకాశం లేదు. అయినా కొన్నేళ్లలోనే మందలు మళ్లీ ఆ దారినే నడవడాన్ని, మెడకు కట్టిన పరికరాల సాయంతో పరిశోధకులు గుర్తించారు.